బఫెలో ఎర్రరాతి ఆస్పత్రి



అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రానికి పడమటి కొసన, ఈరీ సరస్సు ఒడ్డున బఫెలో నగరం ఉంది. ఆ నగరంలో ఒక పాత ఆస్పత్రి ఉంది. ముదురు ఎర్రరాతితో కట్టిన మధ్య భవనం, దాని మీద 185 అడుగుల ఎత్తున జంట గోపురాలు, వాటికి అటూ ఇటూ వెనక్కి తగ్గుతూ పోయే వార్డులు. తెలియని వాళ్ళు చూస్తే పాతకాలపు కోట అనుకుంటారు. కట్టిననాడు దాని పేరు బఫెలో స్టేట్ అసైలం ఫర్ ది ఇన్‌సేన్. మానసిక రోగుల కోసం రాష్ట్ర ప్రభుత్వం కట్టించిన ఆస్పత్రి అది. 1880లో రోగులను చేర్చుకోవడం మొదలుపెట్టింది. కట్టడం పూర్తిగా ముగిసేసరికి 1895 అయింది.

అది విక్టోరియా రాణి కాలం. ఇంగ్లండులోనూ అమెరికాలోనూ ఇలాంటి భారీ ఆస్పత్రులు ఒకదాని వెంట ఒకటి లేచిన రోజులు. వాటిని కట్టించిన డాక్టర్లకు గట్టి నమ్మకం ఒకటి ఉండేది. మనసు చెదిరిన మనిషిని సరైన చోట, సరైన భవనంలో ఉంచితే, సగం వైద్యం ఆ భవనమే చేస్తుందని. ఇవాళ వింటే అమాయకంగా అనిపించవచ్చు. కానీ ఆ నమ్మకం వల్లే ఒక కాలపు గొప్ప వాస్తుశిల్పి, గొప్ప ఉద్యానశిల్పి, ఎవరూ పట్టించుకోని రోగుల కోసం కలిసి పనిచేశారు. అందులో నిజమెంత, అది ఎక్కడ చెడింది అన్నది ఆ గోడలూ కిటికీలే చాలావరకు చెబుతాయి.

కొంచెం వెనక్కి వెళ్ళాలి. 18వ శతాబ్దం దాకా యూరప్‌లో మానసిక రోగి బతుకంటే గొలుసులు, గడ్డి పరుపు, చీకటి గది. 1790లో ఇంగ్లండులోని యార్క్ పట్టణపు అసైలంలో హానా మిల్స్ అనే స్త్రీ చేరిన కొద్ది వారాలకే చనిపోయింది. ఆమె క్వేకర్ అనే క్రైస్తవ శాఖకు చెందినది. చూడడానికి వచ్చిన ఆ శాఖవాళ్ళను అసైలం వాళ్ళు లోపలికి రానివ్వలేదు. విలియం ట్యూక్ అనే టీ వర్తకుడు అది సహించలేకపోయాడు. తనవాళ్ళను కూడగట్టి 1796లో అదే యార్క్‌లో ‘రిట్రీట్’ అనే చిన్న ఆశ్రయం తెరిచాడు. అక్కడ గొలుసులు లేవు. తోట ఉంది, కలిసి భోజనం చేయడం ఉంది, చేతికి పని ఉంది. కిటికీలకు విడిగా ఊచలు బిగించలేదు. కిటికీ చట్రాలనే ఇనుముతో చేయించి, చూసేవాళ్ళకు మామూలు కొయ్య చట్రాల్లా కనబడేలా చేశారు. రోగి పారిపోలేడు, అయినా తాను బందీనని ప్రతి పూటా గుర్తు చేసే ఊచలు కళ్ళెదుట ఉండవు.

ఆ కిటికీ గురించి రెండు మాటలు వినబడతాయి. అది దయ అన్నవాళ్ళున్నారు, మోసం అన్నవాళ్ళూ ఉన్నారు. నేను దయ అనే వైపే ఉంటాను. రోజంతా ఆ కిటికీ పక్కన కూర్చునే మనిషికి ఊచ కనబడటానికీ కనబడకపోవడానికీ చాలా తేడా ఉంది. ఆ తేడాను పట్టించుకున్నవాళ్ళే ఆ తర్వాతి వందేళ్ళ ఆస్పత్రుల రూపురేఖలను నిర్ణయించారు.

ఇంగ్లండులో 1845 నాటి చట్టం ప్రతి కౌంటీ తన పేద మానసిక రోగులకు అసైలం కట్టి తీరాలని ఆదేశించింది. అప్పటికే, 1839 నుంచి, లండన్ దగ్గరి హాన్‌వెల్ అసైలంలో జాన్ కొనోలీ అనే డాక్టరు కట్లూ గొలుసులూ అన్నీ తీయించేశాడు. వందల మంది రోగులున్న చోట కూడా అది సాధ్యమేనని చూపించాడు.

అమెరికాలో ఆ పని అందుకున్నది థామస్ స్టోరీ కర్క్‌బ్రైడ్. ఈయనా క్వేకరే. ఫిలడెల్ఫియాలో 1841లో తెరిచిన మానసిక రోగుల ఆస్పత్రికి సూపరింటెండెంటుగా వచ్చి, 1883లో చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు. ఆయన జీవితంలో రెండు సంఘటనలు చెప్పాలి. 1849లో ఒక మాజీ రోగి ఆయన మీద తుపాకీ పేల్చాడు. ప్రాణం దక్కింది. ఆయన ఉద్యోగం వదల్లేదు. మొదటి భార్య పోయాక, 1866లో ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకున్నది ఒకప్పుడు తన దగ్గర వైద్యం పొందిన ఎలైజా బట్లర్‌ను. రోగం నయమవుతుందని పుస్తకాల్లో రాసిన డాక్టర్లు చాలామంది ఉన్నారు. అలా నయమైన మనిషితో కాపురం చేసిన డాక్టరు మాట నాకు ఇంకా గట్టిగా తోస్తుంది.

1854లో కర్క్‌బ్రైడ్ ఆస్పత్రుల కట్టుబడి మీద ఒక పుస్తకం వేశాడు. అమెరికాలో డజన్ల కొద్దీ రాష్ట్ర ఆస్పత్రులు దాన్ని చూసే కట్టారు. అందులో తాత్విక చర్చ తక్కువ, కొలతలు ఎక్కువ. అంతకు మూడేళ్ళ ముందు, 1851లో, ఆస్పత్రి సూపరింటెండెంట్ల సంఘం కట్టడాలకు కొన్ని నియమాలు ఆమోదించింది. వాటిలోనూ ఆయన చేయి ఉంది. ఆస్పత్రి ఊరికి కొంత దూరంగా ఉండాలి. ఎంత చిన్న ఆస్పత్రికైనా కనీసం 50 ఎకరాల నేల ఉండాలి, రాష్ట్ర ప్రభుత్వపు ఆస్పత్రికి 100 ఎకరాలు. నేలమాళిగలో రోగిని ఉంచకూడదు. ప్రతి గదికీ బయటి గాలికి తెరుచుకునే కిటికీ ఉండాలి. రోగుల గదుల్లో నేల కొయ్యదై ఉండాలి, మెట్లు మాత్రం నిప్పంటుకోని రాతివో ఇనుపవో కావాలి. బాయిలర్లు రోగులుండే భవనంలో ఉండకూడదు. తోట చుట్టూ గోడ కట్టాలి, కానీ అది భవనంలోంచి చూసేవాళ్ళ కంటికి బాధ కలిగించేలా కనబడకూడదు.

అన్నిటికన్నా ముఖ్యమైన నియమం రోగుల సంఖ్య. ఒక ఆస్పత్రిలో 250 మందికి మించకూడదు. సూపరింటెండెంటు ప్రతి రోగినీ స్వయంగా ఎరిగి ఉండాలంటే అంతకు మించి కుదరదని కర్క్‌బ్రైడ్ లెక్క. శ్రోతలు ఈ 250 అనే అంకెను గుర్తుంచుకోవాలి. తర్వాతి కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ఇక కర్క్‌బ్రైడ్ పద్ధతిలో భవనం ఆకారం. మధ్యలో కార్యాలయాలు, సూపరింటెండెంటు కుటుంబం నివాసం. దానికి ఒక వైపు పురుషుల వార్డులు, మరోవైపు స్త్రీల వార్డులు. ఈ వార్డులన్నిటినీ ఒకే సరళరేఖలో కట్టలేదు. ఒక్కో వార్డును దాని ముందుదానికన్నా కొంత వెనక్కి జరిపి కట్టారు. పైనుంచి చూస్తే ఆకాశంలో ఎగిరే కొంగల బారు ఆకారం. అలా ఎందుకంటే, పొడవాటి భవనం మధ్యలో నడవ పెట్టి రెండు పక్కలా గదులు కడితే నడవలోకి వెలుతురు రాదు. దాని రెండు కొసలకూ కిటికీలు పెట్టాలంటే ఆ కొసలు ఖాళీ ఆకాశంలోకి తెరుచుకోవాలి. వార్డును వెనక్కి జరిపితే ఆ ఖాళీ దొరుకుతుంది. నడవ ఆ చివర నుంచి ఈ చివర దాకా గాలి ఆడుతుంది, పగలు దీపం అక్కర్లేదు. చలికాలం కోసం కింది అంతస్తులో ఆవిరి గొట్టాలతో గాలిని వెచ్చజేసి, గోడల్లో కట్టిన గొట్టాల గుండా వార్డులకు పంపేవారు. కొన్నిచోట్ల వంటింటి నుంచి వార్డులకు అన్నం చేర్చడానికి నేలమాళిగలో చిన్న పట్టాల బండి కూడా నడిచేది. కూర వేడిగా ఉండగానే రోగి పళ్ళెంలో పడాలని ఆలోచించి ఆ పట్టాలు వేశారు.

ఇప్పుడు బఫెలోకు వద్దాం.

1870 ప్రాంతంలో రాష్ట్రం తన పడమటి జిల్లాల రోగుల కోసం ఒక కొత్త ఆస్పత్రి కట్టాలనుకుంది. బఫెలో నగరం సుమారు 200 ఎకరాల భూమి ఇచ్చింది. వాస్తుశిల్పిగా హెన్రీ హాబ్సన్ రిచర్డ్‌సన్‌ను ఎంచుకున్నారు. అప్పటికి ఆయనకు ముప్ఫై రెండు ముప్ఫై మూడేళ్ళు. 1838లో లూసియానాలో పుట్టి, పారిస్‌లోని ఎకోల్ డి బోజార్‌లో చదివి వచ్చాడు. బోస్టన్‌లో ఆయనకు పేరు తెచ్చిన ట్రినిటీ చర్చి పనీ, ఈ ఆస్పత్రి పనీ దాదాపు ఒకే కాలంలో నడిచాయి. మధ్యయుగపు గుండ్రటి కమానులు, గరుకుగా వదిలేసిన బరువైన రాళ్ళు, నేలలోంచి మొలిచినట్టున్న గోడలు ఆయన ప్రత్యేకత. తర్వాతి రోజుల్లో ఆ పద్ధతికి ఆయన పేరే పెట్టి ‘రిచర్డ్‌సోనియన్ రోమనెస్క్’ అన్నారు. దాని తొలి రూపాలు కనబడే కట్టడాల్లో ఈ ఆస్పత్రి ఒకటి. 1886లో, 47 ఏళ్ళకే, ఆయన పోయాడు. ఆస్పత్రి పూర్తి కావడం చూడలేదు.

రాయి దూరం నుంచి తేలేదు. అదే రాష్ట్రంలో మెడీనా అనే ఊరి దగ్గర తవ్వే ఇసుకరాయి అది. ఎరుపూ గోధుమరంగూ కలిసిన రంగు. వాన పడితే ముదురుగా, సాయంత్రం ఎండలో మెరుస్తూ కనబడుతుంది. జంట గోపురాల పైకప్పులకు రాగి రేకు వేశారు. అది కాలం గడిచేకొద్దీ పచ్చబడింది. ఇప్పుడు ఎర్రరాతి మీద ఆ పచ్చదనం మైలు దూరం నుంచి కూడా కనబడుతుంది.

రిచర్డ్‌సన్ తన సొంత బుర్రతో చేసిన మార్పు వార్డుకూ వార్డుకూ నడుమ ఉంది. మామూలు కర్క్‌బ్రైడ్ ఆస్పత్రుల్లో ఒక వార్డు మరొక వార్డుకు మూల దగ్గర అంటుకుని ఉంటుంది. ఇక్కడ వార్డులను విడదీసి, వాటి మధ్య వంపు తిరిగిన సన్నటి నడవలు కట్టాడు. ఒక వార్డులో నిప్పంటుకుంటే నడవ తలుపులు మూసి మంటను అక్కడే ఆపవచ్చు. ఒక వార్డులోని అరుపులు పక్క వార్డుకు చేరవు. వంపు ఉంది కనుక ఒక చివర నిలబడినవాళ్ళకు రెండో చివర కనబడదు. నడుస్తున్నకొద్దీ దారి కొంచెం కొంచెంగా తెరుచుకుంటుంది. అగ్నిభయం, శబ్దం, చూపు, ఈ మూడింటికీ ఒక్క వంపుతో జవాబు చెప్పాడు. ఈ కట్టడం మొత్తంలో నాకు ఎక్కువ గౌరవం కలిగించేవి ఆ జంట గోపురాలకన్నా ఆ వంపు నడవలే. గోపురాలు ఊరివాళ్ళ కోసం కట్టినవి. నడవలు లోపలివాళ్ళ కోసం కట్టినవి.

ఆవరణ పని ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్, కాల్వర్ట్ వోక్స్‌ల చేతికి వచ్చింది. న్యూయార్క్ నగరంలో సెంట్రల్ పార్క్‌ను తీర్చిదిద్దిన ఇద్దరూ వాళ్ళే. అప్పటికే బఫెలో నగరానికి పార్కుల వరుసను రూపొందిస్తున్నారు. వార్డుల్లోకి ఎండ బాగా రావాలంటే భవనం ఎటు తిరిగి ఉండాలో ఓమ్‌స్టెడ్ సలహా ఇచ్చాడు. ముందువైపు విశాలమైన పచ్చిక, చెట్ల గుంపులు, వంకర బాటలు. వెనక ఉత్తరాన పొలాలు. రోగులు ఆ పొలాల్లో పనిచేసేవారు, కూరగాయలు పండించేవారు.

ఆ పొలం పని గురించి ఒక మాట చెప్పాలి. చేతికి పని ఉంటే మనసు కుదుటపడుతుందన్నది అబద్ధం కాదు. కానీ జీతం లేకుండా, కాదనే స్వేచ్ఛ లేకుండా చేసే పనిని వైద్యం అనడం కష్టం. విక్టోరియా కాలపు అసైలంలలో ఇది మామూలే. ఆస్పత్రి ఖర్చు తగ్గించుకోవడానికి రోగి శ్రమ పనికొచ్చింది. ఓమ్‌స్టెడ్ గీసిన అందమైన పటంలో ఈ సంగతి కనబడదు.

పటంలో స్పష్టంగా కనబడే సంగతి మరొకటి ఉంది. మధ్య భవనం, దానికి దగ్గరగా ఉన్న వార్డులు ఎర్రరాతితో కట్టారు. దూరంగా, చివర్లలో ఉన్న వార్డులు ఇటుకతో కట్టారు. వాటి ఎత్తూ పరిమాణమూ కూడా తగ్గుతూ పోతాయి. ఖర్చు తగ్గించడానికే ఆ పని చేశారు. ఇప్పుడు కర్క్‌బ్రైడ్ పద్ధతిలో ఏ రోగి ఎక్కడ ఉండేవాడో చూడండి. నెమ్మదిగా ఉండి, కోలుకుంటున్నవాళ్ళు మధ్య భవనానికి దగ్గరగా. అరిచేవాళ్ళు, కొట్టేవాళ్ళు, నయం కారని అనుకున్నవాళ్ళు అందరికన్నా దూరంగా, చిట్టచివర. అంటే జబ్బు ముదిరేకొద్దీ రోగి డాక్టరు ఇంటికి దూరమయ్యాడు, సందర్శకుల కంటికి దూరమయ్యాడు, మంచి రాతికీ దూరమయ్యాడు. కోలుకుంటే లోపలికి జరుగుతాడు, ముదిరితే బయటికి. ఎవరి రోగం ఏ స్థాయిలో ఉందో వార్డు చెబుతుంది. దీన్ని నడిపినవాళ్ళు క్రూరులు కారు. నిశ్శబ్దం కావలసిన రోగికి నిశ్శబ్దం ఇవ్వాలంటే అరిచే రోగిని దూరం పెట్టాలి కదా అన్నారు. కానీ అందరికన్నా ఎక్కువ ఆసరా కావలసిన మనిషికే అందరికన్నా తక్కువ దక్కింది. ఈ లోపం తర్వాత వచ్చింది కాదు. మొదటి పటంలోనే ఉంది.

మిగతా చెడు అంకెల దారిలో వచ్చింది. 1866లో అదే సూపరింటెండెంట్ల సంఘం ఆ 250 పరిమితిని 600కు పెంచింది. కర్క్‌బ్రైడ్ ఒప్పుకోలేదు, అయినా తీర్మానం నెగ్గింది. బఫెలో ఆస్పత్రి గీతల్లోకి వచ్చింది ఆ తర్వాతే. దాన్ని 600 మంది కోసమే రూపొందించారు. అంటే పునాది రాయి పడకముందే తొలి నియమం పోయింది. 600 మందిని ఒక డాక్టరు పేరు పేరునా ఎలా ఎరుగుతాడు?

ఇంకో దెబ్బ 1877లో పడింది. అప్పటికి బఫెలో గోడలు సగం లేచి ఉన్నాయి. ప్లినీ ఎర్ల్ అనే పేరున్న డాక్టరు అసైలంల లెక్కలు తిరగేసి ఒక సంగతి బయటపెట్టాడు. ఎంతోమందిని నయం చేశామని చెప్పుకునే ఆస్పత్రులు, ఒకే రోగి మళ్ళీ మళ్ళీ చేరి మళ్ళీ మళ్ళీ వెళ్ళినా, ప్రతిసారీ కొత్తగా నయమైనట్టు లెక్క రాసుకున్నాయి. నయమైన మనుషుల సంఖ్య ఆ లెక్కలో కనబడేదానికన్నా చాలా తక్కువ. భవనమే వైద్యమన్న నమ్మకం అక్కడ బీటలువారింది. నయం కాకపోతే రోగి వెళ్ళడు. వెళ్ళకపోతే మంచం ఖాళీ కాదు. కొత్త రోగులు రావడం ఆగదు.

వెస్ట్ వర్జీనియాలో వెస్టన్ అనే ఊళ్ళో ఇదే పద్ధతిలో కట్టిన రాతి ఆస్పత్రి ఉంది. 1864లో రోగులు చేరారు. అది అచ్చంగా కర్క్‌బ్రైడ్ చెప్పినట్టు 250 మందికి కట్టినది. 1950లలో అందులో 2,400 మంది ఉన్నారు. ఒక్కరు పడుకోవలసిన గదిలో ఎంతమందిని కుక్కారో, మంచాలు నడవల్లోకి ఎలా వచ్చాయో ఆ ఒక్క అంకె చెబుతుంది. గాలీ వెలుతురూ పారాలని అంత శ్రద్ధగా వదిలిన నడవ, చివరకు మంచాలు వేయడానికి దొరికిన ఖాళీ స్థలమైపోయింది.

లండన్ ఉత్తరాన కోల్నీ హాచ్ అసైలం కథ ఇంకా బాధాకరం. 1849లో విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ స్వయంగా దానికి పునాది రాయి వేశాడు. సామ్యూల్ డాక్స్ దాన్ని ఇటలీ భవనాల పద్ధతిలో కట్టాడు. 1851లో తెరిచారు. కొన్నేళ్ళలోనే అది నిండిపోయింది. గదులు చాలక, తాత్కాలికమంటూ కొయ్యతోనూ రేకులతోనూ ఒక అదనపు భవనం లేపారు. 1903 జనవరిలో దానికి నిప్పంటుకుంది. 50 మందికి పైగా స్త్రీ రోగులు కాలిపోయారు. అగ్నిభయం లెక్కవేసి కట్టిన పాత భవనం చెక్కుచెదరలేదు. చౌకగా లేపిన భవనమే కాలింది. ప్రజల డబ్బుతో ఆస్పత్రులు కట్టేవాళ్ళందరికీ తెలియవలసిన సంఘటన ఇది.

ఓమ్‌స్టెడ్ సంగతి కూడా చెప్పి తీరాలి. ఆయన 1870లలో బోస్టన్ దగ్గర మెక్‌లీన్ అనే మానసిక చికిత్సాలయం కొత్త చోటికి మారాలనుకున్నప్పుడు స్థలం విషయంలో సలహా ఇచ్చాడు. 1890ల చివర్లో ఆయన జ్ఞాపకశక్తి పూర్తిగా దెబ్బతింది. కుటుంబం ఆయనను అదే మెక్‌లీన్‌లో చేర్చింది. సుమారు ఐదేళ్ళు అక్కడే ఉండి, 1903 ఆగస్టులో అక్కడే కన్నుమూశాడు. రోగి కళ్ళతో చెట్లను ఊహించి గీసిన మనిషి, చివరకు రోగిగా అలాంటి చెట్ల మధ్యకే చేరాడు. ఆస్పత్రి కట్టేవాళ్ళు అది ఎవరో పరాయివాళ్ళ కోసమని అనుకుంటే ఎంత పొరపాటో ఆయన జీవితం చూస్తే తెలుస్తుంది.

బఫెలోలో తర్వాతి చరిత్ర త్వరగానే చెప్పవచ్చు. 1927లో వెనకనున్న పొలాలను పక్కనే రాబోయే కళాశాలకు ఇచ్చేశారు. 1950ల మధ్యలో మానసిక రోగాలకు క్లోర్‌ప్రొమజీన్ అనే మందు వచ్చింది. 1955 నాటికి అమెరికా ప్రభుత్వ మానసిక ఆస్పత్రుల్లో సుమారు 5,59,000 మంది ఉన్నారు. ఆ తర్వాత ఆ సంఖ్య తగ్గుతూ వచ్చింది. 1963లో అధ్యక్షుడు కెనెడీ సంతకంతో కొత్త చట్టం వచ్చింది. రోగిని ఊరికి దూరంగా ఉంచవద్దు, ఊళ్ళోనే చూడాలి అన్నది దాని సారాంశం. మంచి ఆలోచనే. అయితే ఊళ్ళో పెట్టవలసిన కేంద్రాలకు చాలినంత డబ్బు ఇవ్వలేదు. పాత ఆస్పత్రుల నుంచి బయటికి వచ్చినవాళ్ళలో చాలామంది వీధుల పాలయ్యారు, జైళ్ళ పాలయ్యారు. బఫెలోలో 1960ల చివర్లో తూర్పు వైపున మూడు ఇటుక వార్డులను పడగొట్టారు. 1974లో పాత భవనం నుంచి రోగులను పూర్తిగా కొత్త భవనాలకు తరలించారు. ఎర్రరాతి భవనం ఖాళీ అయింది.

ఖాళీ భవనం త్వరగా చెడుతుంది. పైకప్పు కారింది, అంతస్తులు కుంగాయి, లోపల పావురాలు చేరాయి. 1986లో దాన్ని జాతీయ చారిత్రక చిహ్నంగా ప్రకటించినా పాడుపడటం ఆగలేదు. ఊరి పరిరక్షణవాదులు రాష్ట్ర ప్రభుత్వం మీద కోర్టుకెక్కారు. ఆ ఒత్తిడి వల్లనే ప్రభుత్వం నిధులు ఇచ్చింది. 2006లో భవనం బాగుచేయడానికి ఒక సంస్థ ఏర్పడింది. 2017లో మధ్య భవనంలోనూ దాని పక్క వార్డుల్లోనూ 88 గదుల హోటలు తెరిచారు. కోవిడ్ కాలంలో, 2021లో అది మూతబడింది. 2023లో రిచర్డ్‌సన్ పేరుతోనే మరో హోటలు అక్కడ మొదలైంది. రోగుల పాత గదులు చిన్నవి కనుక, రెండు మూడింటిని కలిపి ఒక్కో అతిథి గది చేశారు. రోగులు కూర్చున్న విశాలమైన నడవలను మాత్రం అలాగే ఉంచారు.

ఆస్పత్రిని హోటలు చేయడం కొందరికి నచ్చలేదు. నాకు అభ్యంతరం లేదు. భవనం బతకాలంటే ఎవరో ఒకరు అందులో దీపం పెట్టాలి. న్యూజెర్సీలో గ్రేస్టోన్ పార్క్ ఆస్పత్రి ప్రధాన భవనాన్ని 2015లో నేలమట్టం చేశారు. మసాచుసెట్స్‌లో డాన్వర్స్ ఆస్పత్రిని చాలావరకు పడగొట్టి అపార్ట్‌మెంట్లు లేపారు. వాటితో పోలిస్తే బఫెలో అదృష్టం చేసుకుంది. నేను సహించలేనిది వేరే ఉంది. కొన్ని పాత అసైలంలలో రాత్రిపూట టికెట్లు అమ్మి దెయ్యాల టూర్లు నడుపుతున్నారు. వెస్టన్‌లో ఇప్పుడు అదే జరుగుతోంది. ఆ డబ్బుతోనే భవనం నిలబడుతోందని వాళ్ళ వాదన. కానీ అక్కడ బతికినవాళ్ళు జబ్బుపడిన మనుషులు. వాళ్ళకు తల్లులున్నారు, పిల్లలున్నారు. వాళ్ళ బాధను భయానక వినోదంగా అమ్ముకోవడం తప్పు. ట్యూక్ కిటికీ ఊచలు దాచి, కర్క్‌బ్రైడ్ గోడను కనబడకుండా చేసి కాపాడాలనుకున్న గౌరవాన్ని, వాళ్ళు పోయాక కూడా మిగలనివ్వడం లేదు.

మన వైపు కూడా ఆ కాలపు ఆస్పత్రుల వారసత్వం ఉంది. తెలుగు జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, మద్రాసు కిల్పాక్‌లో 1871లో ప్రభుత్వ అసైలం తెరిచారు. బఫెలో ఆస్పత్రికి పటాలు గీస్తున్న కాలమే అది. వాల్తేరులోనూ ఒక అసైలం ఉండేది. విశాఖపట్నంలోని నేటి ప్రభుత్వ మానసిక చికిత్సాలయం మూలాలు అక్కడివే. హైదరాబాదులో ఎర్రగడ్డ ఆస్పత్రి ఉంది. వాల్తేరు, ఎర్రగడ్డ పేర్లను మనవాళ్ళు తిట్టుగా, వెక్కిరింతగా వాడుకున్నారు, సినిమాల్లో నవ్వు కోసం వాడుకున్నారు. అక్కడికి తమ బిడ్డను తీసుకెళ్ళవలసి వచ్చిన తల్లికి ఆ వెక్కిరింత ఎలా తగులుతుందో ఒక్కసారి ఆలోచిస్తే చాలు, ఆ మాట మళ్ళీ నోట రాదు. మన దేశంలో మానసిక రోగిని ఏ విధంగానూ గొలుసులతో కట్టకూడదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. యార్క్‌లో ట్యూక్ గొలుసులు లేని ఇల్లు తెరిచి అప్పటికి రెండు వందల ఇరవై ఏళ్ళు.

బఫెలో భవనం గురించి నా తీర్పు ఇది. రోగులను ఊరికి దూరంగా, ఏళ్ళ తరబడి తాళాల వెనుక ఉంచవచ్చన్నది ఆ కాలం చేసిన పెద్ద తప్పు. దాన్ని వదిలేయడం సరైనదే. కానీ దాంతోపాటు అది కనిపెట్టిన మంచినీ మనం వదిలేశాం. ప్రతి రోగికీ సొంత కిటికీ ఉండాలన్నది, నడవ రెండు కొసలా వెలుతురు ఉండాలన్నది, ఒక డాక్టరు ఎరుగగలిగినంతమందే ఒక ఆస్పత్రిలో ఉండాలన్నది. మన ఊళ్ళలో కొత్త ఆస్పత్రి కడుతుంటే, నమూనా బొమ్మలో ముందు గోడ అద్దాలు చూసి సంతోషించి ఊరుకోకండి. చివరి వార్డులో చివరి మంచం దగ్గర కిటికీ ఉందా అని అడగండి.

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్ళే మన పెద్దలు నయాగరా జలపాతం చూడకుండా తిరిగిరారు. బఫెలో అక్కడికి 20 మైళ్ళ దూరమే. ఈసారి వెళ్ళినప్పుడు ఫారెస్ట్ అవెన్యూ మీద ఒక గంట ఆగమని మీ అబ్బాయికో అమ్మాయికో చెప్పండి. గోపురాల ముందు ఫొటో తీసుకున్నాక వెనుదిరగవద్దు. పడమటి వైపు, రాయి ఆగిపోయి ఇటుక మొదలయ్యే చోటు దాకా నడవండి. అందరికన్నా ఎక్కువ జబ్బుపడినవాళ్ళు ఉన్నది ఆ చివరి వార్డుల్లోనే.